నలభై చార్టులు

మార్కెట్ ఊపందుకునే సమయానికే సాబిత్ కంప్యూటర్ తెర బిగుసుకుపోయేది. అమ్మాల్సిన క్షణంలో అమ్మలేక మూడోసారి దెబ్బతిన్నాక, అతను అల్మాటీ నగరంలో ఒక కంప్యూటర్ దుకాణానికి వెళ్లాడు. చమురు బావుల దగ్గర పదిహేడేళ్లు ఇంజినీరుగా పనిచేసిన మనిషి. ఆ పని పోయాక ఇంట్లోంచే ట్రేడింగ్ చేసుకుంటున్నాడు. భార్య విడిపోయి వేరే ఊరు వెళ్లి నాలుగేళ్లయింది.

దుకాణం షినార్ అనే ఆవిడది. అతను వేలు పెట్టి చూపించిన ఖరీదైన గ్రాఫిక్స్ కార్డును ఆమె పక్కకు నెట్టేసింది.

“ఇది కంప్యూటర్లో ఆటలాడుకునే పిల్లలకి, అన్నా. నీకెందుకు? ఆర్డరు టక్కున పడాలంటే ప్రాసెసరు చురుగ్గా ఉండాలి, మెమరీ దండిగా ఉండాలి. ఇంతకీ నీ ఇంటర్నెట్ కేబులా, వైఫైయా?”

“వైఫై.”

“ఇంకేం, నీ లాభాలన్నీ గాల్లోనే పోతున్నాయి!” అని నవ్వింది. “రేపొచ్చి చూస్తాలే. చూడకుండా అంటగడితే తర్వాత నన్నే తిడతావ్.”

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి సాబిత్ గది ఊడ్చి, టీ కాచి, వేడి రొట్టె తెచ్చి పెట్టాడు. షినార్ అవేవీ ముట్టకుండా నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుంది. నాలుగు తెరల నిండా ధరల చార్టులు, ఎర్రగా పచ్చగా కదులుతున్నాయి.

“అమ్మో, ఎన్నివి?”

“నలభై.”

“నువ్వు కొనేవీ అమ్మేవీ ఎన్ని?”

“రెండు.”

“మరి మిగతావెందుకు?”

టీ పోయబోతున్న సాబిత్ చెయ్యి ఆగింది. “కదులుతుంటాయి కదా. ఇంట్లో ఎవరో తిరుగుతున్నట్టుంటుంది.”

షినార్ మౌస్ అందుకుని ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చి రెండే మిగిల్చింది. పాత యంత్రం హాయిగా నడిచింది.

“చూశావా? రెండింటికైతే ఇదే చాలు. కేబుల్ ఒకటి లాగించుకో. నా దగ్గర ఏమీ కొనక్కర్లేదు.”

సాబిత్ ఖాళీ అయిపోయిన మూడు తెరల వంక చూశాడు.

“నలభైకీ సరిపడేది చేసివ్వమ్మా.”

“అనవసరం, అన్నా.”

“నాకవసరమే.”

ఆమె వాదించలేదు. చార్టులన్నీ మళ్లీ తెరిచిపెట్టి, చల్లారిన టీ తాగి, రొట్టె నములుతూ కావలసిన భాగాలు రాసుకుంది.

తొమ్మిది రోజులకు కొత్త యంత్రం వచ్చింది. షినార్ స్వయంగా బిగించి, గోడ వెంట కేబుల్ లాగి వెళ్లింది. ఆ వారం మార్కెట్ ఎంత ఎగిరిపడ్డా తెర ఒక్కసారీ ఆగలేదు. ఆర్డర్లు అనుకున్న ధరకే పడ్డాయి. సాబిత్ భోజనం కూడా చార్టుల ముందే చేశాడు.

మరుసటి వారం ఫోన్ మోగింది.

“నేనే అన్నా, షినార్‌ని. ఫ్యాన్ చప్పుడేమైనా చేస్తోందా?”

“లేదు. అసలు చప్పుడే లేదు.”

“అయితే ఇంకేం, మంచిది,” అని ఆమె పెట్టేసింది.

ఫ్యాన్ చప్పుడు చేస్తోందని చెప్పి ఉండాల్సిందని సాబిత్‌కు కాసేపటికి గానీ తట్టలేదు. ఆమె నంబరు తీసి చూశాడు. మళ్లీ ఫోన్ చేయడానికి సాకేమీ దొరకలేదు.