సగం జంపఖానా

నేను ఒక జంపఖానాను. సగం జంపఖానాను అనడం న్యాయం. ముందు మా అన్న సంగతి చెప్పనివ్వండి. ఓరుగల్లులో ఒకే మగ్గం మీద పుట్టాం. అదే నూలు, అవే నీలం చారలు. వాడు మాత్రం నేరుగా దొర గడీకి పోయి, జన్మంతా మెత్తటి పాదాలు మోసి, ఇప్పుడీ మ్యూజియంలో నా ఎదురుగోడకు చిన్న చిరుగైనా లేకుండా వేలాడుతున్నాడు. నా కింద చీటీ మీద 'ఐక్య పోరాట జ్ఞాపకం' అని రాశారు. అది చదివినప్పుడల్లా నా పోగులు మండుతాయి. మిగతా సగమేదని ఒక్కరూ అడగరు.

నన్ను కొన్నది వెట్టి నిర్మూలన సంఘం. అధ్యక్షుడు వకీలు మురహరిరావు, కార్యదర్శి జగ్గయ్య పంతులు. ఇద్దరూ నా మీద కూర్చుని మనుషులంతా సమానమనేవాళ్లు. వెట్టి చేసేవాళ్లు నా అంచుకు జానెడు అవతల మట్టిలో కూర్చుని వినేవాళ్లు. నా మీదికి రావద్దని వాళ్లనెవరూ అనలేదు. రమ్మనీ అనలేదు.

గడీకి బట్టలుతికే బాలవ్వ ఒకనాడు ఆ మట్టిలోంచే లేచింది. దొర కూతురి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురి వెంట సారెతోపాటు ఆడబాపను, అంటే బతుకంతా దాసిగా పడి ఉండే పిల్లను, పంపడం ఆనవాయితీ. మంచాలు, బిందెలు, ఒక ఆడపిల్ల. ఈసారి బాలవ్వ కూతురు ఎల్లవ్వ వంతు.

"నా పిల్లను ఆపుండ్రి, అయ్యా."

"ముందు మొగోళ్ల వెట్టి పోనీ బాలవ్వా. ఆడబాపల సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడే ఎత్తితే పెద్దింటోళ్లు సంఘం ఇడిచి పోతరు" అన్నాడు వకీలు.

పంతులు మండిపడ్డాడు. ఎల్లవ్వ కోసమేననుకుని మురిసిపోయాను. తననడగకుండా అధ్యక్షుడు జవాబిచ్చాడని ఆయన కోపమట. సంఘం రెండయింది.

అప్పగింతల పొద్దున ఆ రెండు సంఘాలూ ఒక ఘనకార్యం మీద కలుసుకున్నాయి. జంపఖానా ఎవరిది?

"మేమేం పరుచుకోవాలె, గోనెసంచులా?" అన్నాడు పంతులు.

"సగం కోసుకపో."

కత్తెర నా నడుము దాకా వచ్చేసరికి వీధిలో సారె బండ్ల గంటలు మోగాయి. ఎవరూ తలెత్తలేదు. చారలు సమంగా తెగాలి కదా మరి.

కాసేపటికి బాలవ్వ వచ్చింది. బండ్ల వెంట వాగు దాకా పరుగెత్తిన బురద కాళ్లతో, మొదటిసారి నా మీదికి ఎక్కి, కోత పడినచోటే కూలబడింది.

"పంచుకునుడు అయ్యిందా? నా పిల్ల ఏ సగంల ఉన్నదో చెప్పుండ్రి."

పంతులు కత్తెర కింద పెట్టాడు. "తర్వాత చూద్దామన్నది వకీలుసాబే" అని గొణిగాడు.

మురహరిరావు లేచాడు. నన్ను దిగి, ఆమె ఎప్పుడూ కూర్చునే మట్టిలో కూర్చున్నాడు. పెదవులు కదిలాయి.

"నాకు గాదు" అంది బాలవ్వ. "వాగు దాటిన పిల్లకు ఇనపడాలె. గట్టిగ చెప్పు."

కోర్టులో ఏనాడూ తడబడని గొంతు వీధంతా వినేలా పగిలింది.

"తప్పు నాదే, ఎల్లవ్వా."