సొన తిన్న చెయ్యి

గున్నమ్మ జీడిసొన అంటకుండా ఎడమ చెయ్యి బూడిద చిప్పలో ముంచి, జీడిపిక్కను రాతి మీద నిలబెట్టి చెక్కసుత్తితో కొట్టింది. పిక్క జారిపోయింది. మళ్ళీ నిలబెట్టింది. ఈసారి దెబ్బ వేలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

"ఏటే వదినా, సొంత ఏలే పగలగొట్టుకుంటన్నావు?" పక్క పీట మీద బుల్లమ్మ నవ్వింది.

"సొన తినేసినాదే. మొద్దుబారిపోనాది."

ఎవరూ తలెత్తి చూడలేదు. పలాస జీడి బట్టీల్లో ఆడవాళ్ళ వేళ్ళన్నీ అంతే, నల్లగా, పొరలు లేచి ఉంటాయి. కాపురానికి వచ్చిన ఏడాదే ఆ పీట ఎక్కింది గున్నమ్మ. మొగుడి పెద్దకర్మ అయిన మర్నాడు కూడా అక్కడే కూర్చుంది. రేషన్ మెషీను ఆమె వేలిముద్రను గుర్తుపట్టడం ఎప్పుడో మానేసింది.

బుల్లమ్మ కొబ్బరినూనె రాసింది. అయినా మోచేతి దాకా స్పర్శ లేదు. సొన అంత పైకి ఎక్కుతుందా అని గున్నమ్మకే అనుమానం వచ్చింది. కానీ ఇంటికి వెళ్తే మేస్త్రి కూర్మయ్య ఆ పీట మీద మరొకరిని కూర్చోబెడతాడు. పీట పోతే కూడు పోతుంది. చెయ్యిని బూడిదలో ఈడ్చి మళ్ళీ పిక్క పట్టింది.

మధ్యాహ్నం గంజి తాగుతుంటే పెదవి ఎడమ పక్కనుంచి కారిపోయింది. ఏదో చెప్పబోయింది. మాట ముద్దగా వచ్చింది.

"పొద్దున్నే ఏసీసినావేటే?" అన్నాడు కూర్మయ్య. బట్టీ అంతా నవ్వింది. గున్నమ్మ కూడా నవ్వింది, సగం నోటితో.

సాయంత్రం పప్పు తూచే వేళకు ఆమె లేవలేదు. కూర్చున్నచోటే ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు తల స్కాన్ ఫిల్మును వెలుగుకు పెట్టి చూశాడు. "పక్షవాతం. కొందరికి తలలో రక్తనాళం చిట్లుతుంది. ఈమెకు రక్తపు గడ్డ అడ్డుపడి మూసుకుపోయింది. పొద్దున్నే తెచ్చుంటే గడ్డ కరిగే మందు ఇచ్చేవాళ్ళం. చెయ్యి పడిపోయినప్పుడు ఏం చేశారు?"

"నూనె రాసినాం బాబూ," అంది బుల్లమ్మ. "మా సేతులు మొద్దుబారడం మామూలే గదా."

"మూతి వంకర పోవడం కూడా మామూలేనా అమ్మా?"

బుల్లమ్మ తన నల్లటి వేళ్ళు చీర కొంగులో దాచుకుంది.

తెల్లవారకముందే గున్నమ్మ పోయింది. కూర్మయ్య పూలదండ తెచ్చాడు. "ఒక్క మాట సెప్పుంటే పంపీసేవోణ్ణి గదా," అన్నాడు.

దహనం అయిన మర్నాడే ఆ పీట మీద దేవి అనే కొత్త పిల్ల కూర్చుంది. చెయ్యి ముంచబోయి ఆగింది. చిప్పలో బూడిద మీద, ఈడ్చుకుపోయిన నాలుగు వేళ్ళ చారలు.