ఉందా, పోయిందా

ఆ పొద్దున డిపోలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఆసుపత్రివాళ్ళు పాత పెట్రోలు కార్లన్నీ తీసేసి కరెంటు కార్లు తెచ్చారు. వాటి మీద డ్రైవర్లకి ట్రయల్ పెట్టేది నేనే. పాసైతే స్టీరింగు, లేకపోతే స్టోర్ రూములో కుర్చీ. ఒక్కటే ఛాన్సు. దారిలో నేను నోరు విప్పి సాయం చెయ్యాల్సి వస్తే ఆ డ్రైవరు ఫెయిలైనట్టే. ఈ రూల్సు పెట్టించింది కూడా నేనే, మీటింగులో నా నోరు ఊరుకోక. ఇవాళ మా నాన్న వంతు.

నాన్నకి కారంటే చప్పుడు. పనిలో చేరిన కొత్తలో చలి పొద్దుల్లో చోక్ లాగి, దగ్గే ఇంజిన్ని బుజ్జగించి లేపేవాడట. తర్వాత చోక్ పోయింది, కార్బురేటర్ పోయింది, పెట్రోలు ఎంత పొయ్యాలో కంప్యూటరే చూసుకోవడం మొదలుపెట్టింది. ప్రతి మార్పునీ తిట్టుకుంటూనే మచ్చిక చేసుకున్నాడు, చప్పుడు మిగిలింది కాబట్టి. ఇప్పటికీ మీటరు చూడడు. ఇంజిన్ గొంతు విని గేరు మారుస్తాడు. ఇల్లు కాసేపు నిశ్శబ్దంగా ఉంటే చాలు, ఏమైందంటూ గదిగదికీ వచ్చి చూస్తాడు. అమ్మ విసుక్కుంటుంది, నేనూ విసుక్కుంటాను.

"మేడమ్, ఎక్కమంటారా?" అన్నాడు. ఇంట్లో పిచ్చిమొహమా అంటాడు, డిపోలో మేడమ్.

"ఎక్కండి డ్రైవర్ గారూ."

బ్రేకు తొక్కి బటన్ నొక్కాడు. చెవి వొగ్గి కూర్చున్నాడు.

"ఉందా, పోయిందా?"

ఇంజిన్ ఆడుతోందా, ఆగిందా అని పాత డ్రైవర్లు ఒకరినొకరు అడిగే మాట అది.

"ఉంది. పచ్చ లైటు వెలిగింది చూడు. నిన్నంతా చెప్పాను కదా నాన్నా. పెట్రోలు ఇంజిన్ అయితే, బండి నిలబడినా తిరుగుతూనే ఉండాలి, ఆగిందంటే మళ్ళీ లేపాలి. చక్రాలు ఆగినా అది తిరగాలి కాబట్టే మధ్యలో క్లచ్ పెట్టారు. ఈ మోటారుకి ఆ పీకులాట లేదు. బండి ఆగితే అదీ ఆగుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే లేస్తుంది."

"మరి ఆగిందో చచ్చిందో ఎలా తెలుస్తుందే?"

"లైటు చూస్తే తెలుస్తుంది."

"చెవులుండగా లైటెందుకు," అని గొణుక్కుంటూ బండి తీశాడు.

ఎంత బాగా నడిపాడో. స్పీడ్ బ్రేకర్ల మీద వెనక సీట్లో పేషెంటు ఉన్నట్టే ఎక్కించి దించాడు. అడ్డమొచ్చిన సైకిలువాణ్ణి ఒక్క తిట్టూ తిట్టలేదు. నాకు గర్వంగా ఉంది. కానీ నా వేళ్ళు మాత్రం సీటు బెల్టుని మెలిపెడుతూనే ఉన్నాయి.

పెద్ద కూడలిలో ఎర్ర లైటు పడింది. బండి ఆపాడు. మా బండిలో చప్పుడు లేదు. నాన్న తల కొంచెం పక్కకి వంగింది. సిగ్నల్ దగ్గర బండి చచ్చిందంటే డ్రైవరుకి తలవంపులు. వెనకవాళ్ళు అరిచేలోపే లేపాలి. ఆ అలవాటు ఆయన ఒంట్లో ఉంది. వద్దు నాన్నా, వద్దు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. ఆయన చెయ్యి వెళ్ళి బటన్ నొక్కేసింది.

పచ్చ లైటు ఆరిపోయింది. బతికున్న బండిని ఆయనే ఆపేశాడు.

సిగ్నల్ మారింది. యాక్సిలరేటర్ తొక్కాడు, కదల్లేదు. మళ్ళీ బటన్ నొక్కాడు, కంగారులో బ్రేకు మీద కాలు లేదు. స్టీరింగు వెనక తెర వెలిగింది తప్ప బండి సిద్ధం కాలేదు. వెనక హారన్లు మోత. ఆయన మెడ మీదుగా చెమట కారుతోంది. నేను పళ్ళ బిగువున కూర్చున్నాను. నోరు విప్పితే అయిపోయినట్టే. అంతలో వెనక ఎక్కడో అంబులెన్సు కూత వినిపించింది.

"బ్రేకు తొక్కి నొక్కు నాన్నా."

బండి కదిలింది. డిపోకి వచ్చాం. ఆయన దిగి, తలుపు మెల్లగా వేసి, మిగతా డ్రైవర్లతో టీకి వెళ్ళిపోయాడు.

"మీ నాన్నే కదా, చూసీ చూడనట్టు పోవచ్చుగా," అన్నాడు మేనేజరు.

"వెనక సీట్లో ఆపరేషనైన మనిషి ఉండి, బండి నడిరోడ్డు మీద ఆగితే మీరు నెడతారా?" అని మీద పడ్డాను. పాపం, ఆయన మంచికే అన్నాడు. నా కోపం ఆయన మీద కాదు. ఫెయిల్ అని చెప్పేసి బయటికొచ్చాను.

సాయంత్రం నాన్నని నా కార్లో ఎక్కించుకున్నాను. నాదీ కరెంటు బండే. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎలా చెప్పాలో తెలియక ఏసీ పెంచాను, తగ్గించాను, అద్దం దించాను, మళ్ళీ ఎత్తాను. అదే కూడలిలో ఎర్ర లైటు పడింది.

"ఉందా, పోయిందా?" అన్నాడు.

"ఉంది నాన్నా. లైటు చూడు."

"బండి సంగతి కాదే."

అబద్ధం చెబుదామా అనిపించింది. ఆయన నా వైపు చూడలేదు, ఎదురుగా సిగ్నల్ వైపే చూస్తున్నాడు.

"పోయింది నాన్నా."

ఆయన తలాడించాడు. ముందున్న బండ్లు కదిలాయి, నేను కదల్లేదు. నా కళ్ళకి అన్ని లైట్లూ అలుక్కుపోయి కనిపిస్తున్నాయి.

"పోనీ," అన్నాడు నాన్న.

పోనీ అన్నది బండినో, డ్రైవరు ఉద్యోగాన్నో నేను అడగలేదు. యాక్సిలరేటర్ తొక్కాను.