ఇంటి తరఫున ఒక వేలు

సుక్రాం కోడలి వేలిని దూదితో తుడిచి, ఊరి మందుల మనిషి కోసే చటుక్కున సూది గుచ్చింది. ఆ పిల్ల ఉలిక్కిపడేలోపే రక్తపు బొట్టు సన్నని గొట్టంలోకి ఎక్కింది. దాన్ని తెల్లటి కిట్‌లో వేసి, పైన మందు చుక్కలు పోసి, చూరు నీడలో పెట్టింది. ఒక్క గీత తేలితే మలేరియా లేనట్టు, రెండు తేలితే ఉన్నట్టు. అవి తేలేదాకా ఇప్పపూల గురించీ ఎండల గురించీ మాట్లాడుకున్నారు. రెండు గీతలూ తేలాయి. కోసే గోలీలు ఇచ్చి, మొదటిది తన కళ్ళముందే మింగించి, పెట్టె చంకన పెట్టుకుని లేచింది.

అడవిలో, జగర్గుండా దారికి బాగా లోపలగా ఉన్న ఆ ఊళ్ళో ఆమె మితానిన్. అంటే సర్కారు మందులపెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషి. పొట్టిగా ఉంటుంది. ముంజేతుల నిండా పచ్చబొట్లు. కుడి మోకాలు పట్టేయడం వల్ల కాస్త ఈడుస్తూ నడుస్తుంది. జిల్లా పట్నం సుక్మాలో ఈ పని నేర్పిన మేడమ్ ఆమె బుర్రలోకి ఒక ముక్క గట్టిగా ఎక్కించి పంపింది: గీత చూడనిదే గోలీ ఇవ్వద్దు. కోసే ఆ మాట ఇంతవరకూ జవదాటలేదు.

ఆమె మొగుడు భీమా ఆ ఊరి వడ్డె, అంటే పూజారి. ఒళ్ళు వెచ్చబడితే జనం మొదట అతని చేత బియ్యపు గింజలు వేయించి కారణం చూపించుకుని, తర్వాత అదే గుమ్మంలో కోసేకి వేలు చాపుతారు. ఒకే ఇంట్లో రెండు దుకాణాలని ఊరంతా ఆటపట్టించేది. వాళ్ళిద్దరికీ మాత్రం ఈ విషయంలో ఎప్పుడూ పేచీ రాలేదు. జ్వరం ఎందుకొచ్చిందో అతను చెప్పేవాడు, ఎలా పోతుందో ఆమె చెప్పేది. కాపురం సుఖంగానే సాగింది.

ఇప్పుడు అతనే జ్వరంతో మంచం పట్టాడు. అదీ విత్తనాల పండగ ముందు. పండగకు రోజు పెట్టుకున్నాక, అది అయ్యేదాకా వడ్డె ఒంటికి ఇనుము తగలకూడదు. గడ్డం కూడా గీసుకోడు. ఇక సూదికి వేలెలా ఇస్తాడు? అతని ఒంటి మీద నెత్తురు చిందితే ఊళ్ళో ఏ విత్తూ మొలకెత్తదు. ఈ మాట కోసే కూడా నమ్ముతుంది. నమ్మకపోతే అంత గొడవే ఉండేది కాదు.

నిన్న సాయంత్రం సూది పట్టుకుని మంచం పక్కన చాలాసేపు కూర్చుంది. భీమాయే దారి చూపించాడు.

"నీ వేలు గుచ్చుకో. పండక్కి ఇంటి తరఫున గింజలు ఒకరే పోస్తరు గదా. ఎవల చెయ్యైతే ఏంది, ఇల్లు పోసినట్టే."

కిట్‌కు ఇళ్ళూ వాకిళ్ళూ తెలియవని కోసేకు తెలుసు. ఎవరి నెత్తురైతే వాళ్ళ గీతే వస్తుందని ఊళ్ళో అందరికీ చెప్పేది తనే. అయినా తన వేలు గుచ్చుకుంది. ఒక్క గీత వచ్చింది. అప్పుడు ఆమెకు ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకే తర్వాత తనను తాను క్షమించుకోలేకపోయింది. ఒక్క గీతకు గోలీ లేదు. అతనికి జ్వరం బిళ్ళ ఒకటి వేసి, తడిగుడ్డ నుదుట పెట్టి పడుకుంది. తెల్లారి అతను కాస్త గంజి తాగితే, ధైర్యం వచ్చి ఊళ్ళోకి బయలుదేరింది.

సుక్రాం ఇంటి నుంచి వచ్చేసరికి వాకిట్లో పది మంది చేతులు జోడించి కూర్చున్నారు. మంచం మీద భీమా ఊగిపోతూ, చనిపోయిన తండ్రితో ఏదో మాట్లాడుతున్నాడు. దేవత ఒంటి మీదకు వచ్చిందనుకుని అందరూ వింటున్నారు. అందుకే ఎవరూ ఆమెను పిలవలేదు. పెట్టె కింద పెట్టి కోసే కూడా ఒక్క క్షణం చేతులు జోడించింది. ఇన్నేళ్ళూ ఆ ఊగడాన్ని చూసిన మనిషే కదా. తర్వాత దగ్గరికెళ్ళి పాదం ముట్టుకుంది. దేవత వచ్చినప్పుడు అతని ఒళ్ళు చల్లబడేది. ఇప్పుడు పెనంలా కాలుతోంది.

గీత లేకుండానే గోలీ తీసింది. నోట్లో పెడితే పెదవి పక్కనుంచి జారిపోయింది. నూరి నీళ్ళతో పోస్తే అవీ బయటికొచ్చాయి. సూది తీసింది గానీ చుట్టూ అందరి కళ్ళూ తన చేతి మీదే ఉండటం చూసి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. ఒకడు సిగ్నల్ కోసం గుట్టెక్కి ఆసుపత్రి బండికి ఫోన్ చేశాడు. బండి రోడ్డు దాకే వస్తుందన్నారు. నలుగురు మంచాన్ని అలాగే భుజాల మీదకెత్తుకున్నారు. కోసే మోకాలు ఈడ్చుకుంటూ, తడిగుడ్డ పట్టుకుని వెనకాలే పరుగెత్తింది.

రోడ్డు పక్కన చెట్టు కింద మంచం దించారు. బండి ఇంకా రాలేదు. తుమ్మెద ఒకటి భీమా ముఖం చుట్టూ తిరుగుతుంటే కోసే చేత్తో తోలింది. రెండోసారి తోలేటప్పుడు అతని ఊపిరి చేతికి తగల్లేదు. తడిగుడ్డ మళ్ళీ అతని నుదుట పెట్టింది.

ఊరి పెద్ద మంగల్ చూసి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అడిగాడు.

"నెత్తురు జాంచ్‌ల ఏమొచ్చింది, కోసే?"

"ఒక్క గీతే."

"అయితే జరం గాదన్నట్టు. దేవతే తోలుకపోయింది."

"ఆ నెత్తురు నాది, మామా. ఆయన వేలు గుచ్చలే."

మంగల్ ఆశ్చర్యపోలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు.

"ఎవల వేలైతే ఏంది బిడ్డా, ఇల్లు ఒక్కటే గదా."

మిగతావాళ్ళూ తలలూపారు. ఎవరైనా ఒక్క తిట్టు తిడితే బాగుండునని కోసే ఒక్కొక్కరి ముఖం వైపే చూసింది. అందరూ జాలిగానే చూశారు. బండి వచ్చింది, అందులో వచ్చినతను చెయ్యి పట్టి చూసి పెదవి విరిచాడు, బండి తిరిగి వెళ్ళిపోయింది.

వడ్డెను పొద్దుగూకకముందే సాగనంపాలి. ఆ మంచం మీదే వాగు ఒడ్డుకు మోసి, కట్టెలు పేర్చి, మంగల్ చేత నిప్పు పెట్టించారు. వెనక్కి తిరిగి చూడకుండా అందరూ స్నానం చేసి వెళ్ళిపోయారు. పీనుగను మోసిన మంచాన్ని ఊళ్ళోకి తేరు. అది వాగు ఒడ్డున ఇసకలో అలాగే ఉండిపోయింది. ఒక కోడు కాస్త దిగబడి ఒరిగింది. భీమా పడుకున్న చోట నులక ఇంకా కుంగే ఉంది.