పల్లం చూసి వేసిన గుడారం

ఆ శనివారం పొద్దున ఆకాశం వంక చూసి మురిసిపోయిన తండ్రి ఆ శిబిరం మొత్తానికి ఒక్కడే. మిగతా తల్లిదండ్రులు మబ్బుల్ని చూసి మొహాలు ముడుచుకున్నారు. మన టైల్స్ మేస్త్రి మాత్రం ముసురు చూసి ముసిముసిగా నవ్వుకున్నాడు.

ఆ నవ్వుకు కారణం ఉంది. పిల్లల శిబిరం వాళ్ళ పద్ధతి ఏమిటంటే, ముందుగా ఒక శని ఆదివారాలు తల్లో తండ్రో పిల్లతోపాటు గుడారంలో ఉండాలి. రెండు రోజులూ పూర్తిచేసి, ఆదివారం సాయంత్రం పెద్దవాళ్ళు కాగితం మీద సంతకం పెడితే, సెలవుల్లో పిల్ల ఒక్కతే వచ్చి రెండు వారాలు ఉండొచ్చు. మధ్యలో ఇంటిదారి పట్టినవాళ్ళకు ఈ ఏడాదికి చోటు లేదు. ఆ ‘ఒక్కతే’ అన్న మాట మేస్త్రికి మింగుడు పడలేదు.

పిల్లకు పన్నెండేళ్ళు. ఐదో ఏటి నుంచీ ప్రతి ఆదివారం తండ్రి వెంట పనికి వెళ్ళి, టైలుకీ టైలుకీ మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్కలు డబ్బాలోంచి తీసి అందించేది. టైళ్ళ మధ్య ఎంత ఎడం ఉండాలో కళ్ళు మూసుకుని చెప్పగల మేస్త్రికి, కూతురికీ తండ్రికీ మధ్య ఎంత ఎడం ఉండాలో ఎవరూ నేర్పలేదు. నర్సుగా చేసే భార్యకు ఆ రెండు రోజులూ ఆసుపత్రిలో డ్యూటీ పడింది. పోనీ మానేద్దామా అన్నాడు మేస్త్రి, మహా త్యాగబుద్ధితో. అక్కర్లేదు, నువ్వే తీసుకెళ్ళు అంది ఆవిడ, ఆయన త్యాగాన్ని తనే త్యాగం చేసేస్తూ.

సరే, దారి మూసేస్తే మేస్త్రి గోడ దూకుతాడు. గుడారం ఎక్కడైనా వేసుకోవచ్చు అన్నారు. తెలివైనవాళ్ళూ తెలివితక్కువవాళ్ళూ అందరూ మెరక వైపు పోయారు. మేస్త్రి ఒక్కడూ మైదానమంతా కలయదిరిగి, మడమతో నేల నొక్కి, ఒక కన్ను మూసి వాలు చూసి, గిన్నె అడుగులాంటి చోటు ఎంచుకున్నాడు. నీరు పల్లమెరుగు అంటారు. మేస్త్రి నీటినీ ఎరుగు, పల్లాన్నీ ఎరుగు. ఒక్క రాత్రి నానితే చాలు, తెల్లారేసరికి పిల్లే ఇంటికి పోదామంటుందని ఆయన ఎత్తు. పల్లంలో కూర్చుని వేసిన ఎత్తు.

ఇక్కడికి నీళ్ళొస్తాయేమో అని పిల్ల అననే అంది.

“నేల సంగతి నాకే చెబుతున్నావా బుడంకాయా” అన్నాడు మేస్త్రి.

నలుగురిలో ఆ పేరు పెట్టి పిలవొద్దని గొంతు తగ్గించి బతిమాలింది పిల్ల. గుడారం మేకులు మాత్రం ఒక్కొక్కటే అందించింది.

వాన కోరినంతా కురిసింది, కోరనంత కూడా కురిసింది. అయితే పల్లంలోనూ ఒక పల్లం ఉంటుందనీ, అది తను పడుకున్న వైపే ఉందనీ మేస్త్రికి వీపు తడిశాక తెలిసింది. గాలి పరుపు మీద పిల్ల హాయిగా పొడిగా నిద్రపోయింది. తండ్రి మాత్రం తెల్లారేసరికి గోడకు అంటించబోయే ముందు తొట్టిలో నానేసిన టైలులా తయారయ్యాడు. పిల్ల లేచి, గుడారంలో వాన చప్పుడు భలే ఉంది నాన్నా అని, మరో ఇద్దరు ఆడపిల్లలతో బురదలోకి తుర్రుమంది. మేస్త్రి పథకం నీరుగారిపోయింది. గుడారంలోకి అంత నీరు వచ్చాక, అందులోంచి కాస్త కారకుండా ఉంటుందా!

కానీ ఆదివారం ఉదయం ఆయన నోట్లో మళ్ళీ చక్కెర పోసింది ఈల టీచర్. ఆ శిబిరం నడిపేది ఆవిడే. వ్యాయామం టీచరుగా రిటైరైంది గానీ మెడలో ఈల ఇంకా సర్వీసులోనే ఉంది. మెచ్చుకున్నా ఈలే, మందలించినా ఈలే. భోజనాల హాలు ముందున్న సిమెంటు ముంగిలి రాత్రి వానకు మడుగైపోయింది. నీళ్ళు గడపను నాకుతున్నాయి. వంటా, పొయ్యిలూ, సరుకులూ అన్నీ ఆ హాల్లోనే ఉన్నాయి. గడప దాటి నీళ్ళు లోపలికొస్తే శిబిరం ఆపేసి అందర్నీ ఇళ్ళకు పంపేస్తానని ఈల వేసి మరీ చెప్పిందావిడ. ఆపేస్తే రెండు రోజులు పూర్తయినట్టు కాదు. పూర్తికాకపోతే రెండు వారాలు లేవు.

పిల్లలంతా మగ్గులూ పళ్ళేలూ పట్టుకుని నీళ్ళు ఎత్తిపోయడానికి దిగారు. వాళ్ళు పది మగ్గులు పోస్తే ఆకాశం పదకొండు పోస్తోంది. వసారాలో మేస్త్రి పక్కన ఒక లాయరు తండ్రి కారు తాళాలు చేత్తో ఆడిస్తూ నిలబడ్డాడు. ఆయన చేతిలో పడిన కేసు ఏళ్ళ తరబడి తెగదని ప్రతీతి. ఈ శిబిరం కేసు మాత్రం గంటలో తేలిపోవాలని ఆయన తొందర. ఇంకో రెండంగుళాలు పెరిగితే చాలని మేస్త్రి చెవిలో గుసగుసలాడాడు.

“ఒకటిన్నర చాలు” అన్నాడు మేస్త్రి.

అని ఊరుకుంటే కథ ఇక్కడితో కంచికి పోయేది. కానీ కొలతంటూ చూశాక మేస్త్రి కన్ను ఆగుతుందా? తూము ఎత్తున ఉంది, గడప పల్లాన ఉంది. నేలకు తూము వైపు ఇవ్వాల్సిన వాటం గడప వైపు ఇచ్చిన ఆ మహానుభావుడెవరో గాలివాటంగా వేసిపోయాడు. చాలదన్నట్టు ముంగిలి అంచు పొడవునా నాలుగు వేళ్ళ ఎత్తు గట్టు కట్టి, నీళ్ళకు బయటికి పోయే దారి కూడా లేకుండా చేశాడు. అపశ్రుతి విన్న సంగీతం మాస్టారికి చెవులు మూసుకునే వీలుంది. ఈయన కళ్ళు మూసుకున్నా పాదాలకు తెలిసిపోతోంది. బుద్ధిగా చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. జేబుల్లోనూ నీళ్ళే.

అప్పుడే మెట్ల కింద నుంచి మాటలు వినబడ్డాయి. లాయరుగారబ్బాయి మగ్గు బోర్లించి, మీ నాన్న నేలలు వేస్తాడన్నావుగా, పిలువు మరి అంటున్నాడు.

“మా నాన్న వేసిన నేల మీద చుక్క నిలవదు” అంది పిల్ల. “కానీ రాడు.”

“ఏం?”

“ఇది ఆగిపోవాలని ఆయనకుంది. మా గుడారం ఎక్కడ వేశాడో చూశావుగా. పల్లం తెలియక వేశాడనుకుంటున్నావా, మా నాన్న?”

ఆ మాటలో కోపం ఉంటే మేస్త్రి తట్టుకునేవాడు. కోపానికి ఎదురు కోపం ఉంటుంది. కానీ అందులో ఉన్నది నాన్న పనితనం మీద చెక్కుచెదరని నమ్మకం. అంత చక్కగా మోసం చేయడం ఇంకెవరివల్లా కాదన్నట్టు చెప్పింది. చెప్పి మళ్ళీ వంగి నీళ్ళు ముంచుకుంది.

మేస్త్రి జేబుల్లోంచి చేతులు తీశాడు. వంటమనిషిని అడిగి పలుగూ పారా తెప్పించుకున్నాడు. ముంగిలి గట్టు పగలగొట్టాలని ఈల టీచర్‌కు చెబితే ఆవిడ ఈల వేసింది. అది సరే అనడమో వద్దనడమో తెలియక, సరే కిందే జమ కట్టుకున్నాడు. లాయరు హతాశుడై, మీరు మా పక్షం కదండీ అన్నాడు.

“పని కంటబడింది సార్. నేనేం చేసేది” అన్నాడు మేస్త్రి.

గట్టు రెండుచోట్ల పగిలింది. ఇక అక్కణ్ణించి నీళ్ళు ఎటు పోవాలి? ఆ మైదానంలో నీరు పోగల పల్లం ఒకటే ఉంది. ఆ పల్లంలో గుడారమూ ఒకటే ఉంది. ఎవరి గోతిలో వారే పడడం పాత సామెత. సొంత ఇల్లు పీకి మరీ గొయ్యి తవ్వుకోవడం మేస్త్రి దానికి చేసిన మరమ్మతు. ఆయన చెప్పకముందే పిల్ల పరుగెత్తి గుడారం మేకులు పెరికింది. లాయరుగారబ్బాయి పరుపు మోశాడు. పిల్ల తాడు ఒక కొస పట్టుకుని అవతలి చివర నిలబడి, కాలువకు ఎంత వాలు అని అడిగింది. బారకు అంగుళం అన్నాడు మేస్త్రి. ఇద్దరి మధ్యా ఇరవై అడుగుల తాడు బిగుసుకుని నిలిచింది. తాపీ పట్టే మనిషే గానీ ఆ గంట మాత్రం ఏదీ తాపీగా చేయలేదు. తుమ్ముకో పార, దగ్గుకో తట్ట చొప్పున తవ్వాడు.

గడపను నాకుతున్న నీళ్ళు ఒకసారి తటపటాయించి, గట్టు సందులోంచి కాలువలోకి మళ్ళాయి. వాన తగ్గలేదు. ముంగిలి మాత్రం తేలింది. మధ్యాహ్నం అందరూ అక్కడే తిన్నారు, లాయరుగారితో సహా. ఓడిపోయిన కేసులోనూ ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

సాయంత్రం ఈల టీచర్ కాగితం తెచ్చి, మొదటిసారిగా ఈల పక్కనబెట్టి నోటితో మెచ్చుకుంది. ఈ ముంగిలి మొత్తం పగలగొట్టి కొత్తగా వేయాలి, మీరే చేయాలి అంది. సెలవుల్లో పిల్లలుండే ఆ రెండు వారాలూ ఇక్కడే ఉండి చేసుకోండి, పడకా భోజనమూ మావే అంది.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు రాసిందీ పాలే. తడిసిన మేస్త్రి మొహం ఒక్కసారిగా ఆరి, పాలిష్ పట్టినట్టు మెరిసింది. అదే మెరుపుతో పిల్ల వైపు తిరిగాడు. పిల్ల వద్దనలేదు. అనకుండా ఉండడానికి కింది పెదవి పళ్ళతో నొక్కి పట్టింది. కాలి బొటనవేలితో బురదలో గీత గీస్తోంది. తలెత్తలేదు.

మేస్త్రి కాసేపు ఆ గీత చూశాడు.

“ముంగిలి సెలవులకు ముందే వేసిచ్చేస్తానండీ” అన్నాడు చివరికి. “ఆ రెండు వారాలూ నాకు ఖాళీ లేదు.”

“అంత పనేముంది?” అంది టీచర్.

“ఇంట్లో ఊరికే కూర్చోవాలి. కొత్త పని. నేర్చుకోవడానికి టైం పడుతుంది.”

కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం మొదలుపెట్టాడు. చివరి అక్షరానికి కొమ్ము తిరగకముందే పిల్ల కాగితం లాగేసుకుంది. తేదీ వేయలేదు, ఆగమని మేస్త్రి అంటూనే ఉన్నాడు. నేను వేసుకుంటాలే నాన్నా అంటూ, కాగితాన్ని చొక్కా లోపల దాచుకుని, పిల్ల వానలో ఆఫీసు గది వైపు పరుగు లంకించుకుంది.