గునిల్లా రెండో చావు

మా వెనక ఫ్లాట్‌లోకి గునిల్లా అనే స్వీడన్ ఆవిడ అద్దెకు దిగిన దగ్గర్నుంచి మా మామగారు రాఘవయ్యగారు నాకు కనబడటం మానేశారు. ఆవిడ ఆపెరా గాయని. ఇక్కడ న్యూజిలాండ్‌లో, మా డునెడిన్ ఊరి థియేటర్లో ఆఖరిసారి పాడి రిటైరవడానికి వచ్చింది. ఈయన తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాల్లో ముప్ఫై ఏళ్ళు ఆడవేషాలు కట్టిన మనిషి. ఇక చెప్పేదేముంది, నేను హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చేసరికి కాఫీపొడి డబ్బా ఖాళీ.

ఆవిడది ఆడగొంతుల్లో కాస్త కిందిస్థాయి గొంతు. మెజ్జో సొప్రానో అంటారట. ఆ గొంతుకి హీరోయిన్ వేషాలు అరుదు. వయసులో ఉన్నప్పుడు పాంటు తొడిగి కుర్రాణ్ణి చేశారు. తర్వాత పనిమనిషి, మంత్రగత్తె, సవతి, ఇప్పుడు రాజమాత. స్టాక్‌హోమ్ నుంచి ఇక్కడిదాకా హీరో ఎప్పుడూ పక్కనున్న సన్నగొంతు పిల్లకే దక్కాడని చెప్పి నవ్వింది.

"నీకు మీసం పెట్టారు, నాకు తీయించారు. ఇద్దరం ఒకటే బాపతు," అన్నారు మామగారు. నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడ పడీపడీ నవ్వింది.

ఒకరోజు మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది. ఆఖరి అంకంలో రాజమాత విషం తాగి, రెండు చరణాలు పాడి చనిపోవాలి. మొదటిది ఏడుపు. రెండోది, మోసం చేసిన కొడుక్కి శాపనార్థాలు. టైమ్ చాలదని, కర్ర ఊపి వాయిద్యాలను నడిపించే కుర్ర కండక్టర్ రెండోది తీసేశాడట.

"ఇన్నేళ్ళూ పక్కన నిలబడ్డాను. ఇప్పుడు ఏడ్చి చావమంటున్నాడు, తిట్టి చావనివ్వడట," అంది.

మామగారు గడ్డం గోక్కున్నారు. ఆయన గడ్డం గోక్కున్నారంటే ఎవరికో మూడినట్టే.

"మా వైపు పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ కొడతారు. వేషగాడు చచ్చి పడున్నా లేచి మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. నువ్వు చచ్చాక చెవి మాత్రం తెరిచి ఉంచు," అన్నారు.

"మామయ్యగారూ, ఇది డునెడిన్. ఇక్కడ దగ్గు వచ్చినా చప్పట్ల దాకా ఆపుకుంటారు. పరువు పోతుంది."

"పోతే నాదే కదమ్మా. నువ్వు నీళ్ళసీసా పట్టుకుని కూర్చో."

నన్ను అడక్కుండానే మా వార్డులోని తెలుగు నర్సులను పోగుచేసి హాలు నాలుగు మూలలా కూర్చోబెట్టారు. "నేను కేక వేశాకే మీరు అందుకోవాలి. ముందే నోరెత్తితే రసాభాస," అని కట్టడి చేశారు. కేక పడగానే రెండో చరణం ఎత్తుకోమని వాయిద్యాలవాళ్ళతో గునిల్లా తనే మాట్లాడుకుంది. వాళ్ళకూ కండక్టర్ మీద మంటే.

శనివారం మధ్యాహ్నం ఆట. గునిల్లా ఆ ఏడుపు చరణం పాడుతుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ నా ముక్కు కారింది. పాడి పడిపోయింది.

కేక లేదు. తిరిగి చూస్తే మామగారు నోరు తెరుచుకుని, చెంపల మీద నీళ్ళతో కూర్చున్నారు. పాటలో పడి పథకం మరిచిపోయారు. గిల్లాను. ఉలకలేదు, పలకలేదు. నాలుగు మూలల నుంచీ నర్సులు ఆయన్నే చూస్తున్నారు. కండక్టర్ తర్వాతి పాటకు కర్ర ఎత్తాడు. స్టేజీ మీద గునిల్లా బొటనవేలు ఒక్కటే కదులుతోంది. మా కోసం ఎదురుచూస్తోందని నాకు తెలుసు.

పరువును నీళ్ళసీసాతో పాటు కుర్చీలో పెట్టి లేచి నిలబడ్డాను. "వన్స్‌మోర్," అని ఎమర్జెన్సీ వార్డు దాకా వినబడేటట్టు అరిచాను.

నాలుగు మూలలూ అందుకున్నాయి. కాసేపటికి నెమ్మదస్తులైన కివీలు కూడా కాళ్ళతో నేల తన్నడం మొదలుపెట్టారు. కండక్టర్ మా వైపు తిరిగాడో లేదో, అతని వెనక వయొలిన్లు మొదలైపోయాయి.

గునిల్లా లేచి కూర్చుని కిరీటం సర్దుకుంది. శాపాలన్నీ కొడుకును వదిలేసి కండక్టర్ మొహంలోకి చూస్తూ పెట్టింది. ఒక్కటీ మిగల్చలేదు. తర్వాత ఈసారి కాస్త మెత్తటి చోటు చూసుకుని మళ్ళీ చచ్చిపోయింది, నవ్వుతూ.

మామగారు కళ్ళు తుడుచుకుని నా చెవి దగ్గరకు వంగారు.

"ఎవరమ్మా ఆ మొదటి కేక వేసింది? సమయానికి పడింది గానీ, శ్రుతి బొత్తిగా లేదు."