ఆదిలాబాదోళ్లందరూ మనోళ్లే

పత్తి రైతులకు మార్కెట్ టోకెన్లిచ్చే ఆ కంపెనీలో కంప్యూటర్లు రెండు గుంపులు: కరీంనగర్ క్లస్టర్, ఆదిలాబాద్ క్లస్టర్. రెండింటినీ ఒకే మెష్‌లో, అంటే ఒకే వలలో, కలిపింది ఈ వారమే. వాటిలో నడిచే ప్రోగ్రాముల్లో, అంటే సర్వీసుల్లో, ఏది దేన్ని పలకరించొచ్చో అనుమతులు రాసే పని కరీంనగర్‌లో ఆఫ్రీన్‌కు కొత్తగా దక్కింది. అబ్బో, ఆ పిల్ల మురిపెం చూడాలి! తేడా వస్తే ఆ పని పక్క సీటు వంశీధర్‌రావుకు పోతుందని పై అధికారి సృజన మేడం ముందే చెప్పింది.

మధ్యాహ్నం ఆదిలాబాద్ ఆఫీసు నుంచి నరేశ్ ఫోన్ చేశాడు.

"అక్కా, మా టోకెన్ సర్వీసును రైతుల నంబర్లున్న మీ సర్వీసు రానిస్తలేదు. జర చూడరాదు?"

పేరేమిటి, ఏ పని మీద వస్తోంది అని అడిగి, ఆ ఒక్కదానికే అనుమతి రాయాలి. కానీ మనవాణ్ని గుమ్మంలో నిలబెట్టి ఆరాలు తీసినట్టుంటుందని మొహమాటపడింది ఆఫ్రీన్. 'ఆదిలాబాద్ నుంచి ఎవరొచ్చినా రానివ్వు' అని రాసి పారేసింది.

టోకెన్ సర్వీసు వెనకాలే నరేశ్ టెస్టింగ్ సర్వీసూ దూరింది. అంతదాకా ఉత్తుత్తి నంబర్లకు మెసేజ్‌లు పంపుకునే దానికి నిజం రైతులు దొరికారు. ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో రైతుల ఫోన్లన్నీ మోగాయి: 'శుక్రవారం మా అవ్వ పోశవ్వ ఇంట్ల దావత్. అందరు రావాలె. ఇట్లు నరేశ్.' టెస్టింగే కదా అని సరదాకు రాసుకున్నాడు మహానుభావుడు!

సంగతి ఆఫ్రీన్ దాకా వచ్చింది. ముందు అనుమతి సరిదిద్దింది, తర్వాత మేడంకు తనే ఫోన్ చేసింది.

"నేనే అందర్ని రానిచ్చిన మేడం. ఇప్పుడు టోకెన్ సర్వీసుకొక్కదానికే ఇచ్చిన."

"గది ముందుగల్లనే చేయొద్దా?" మేడం గదమాయించింది. "సరే, నేను అడగకముందే చెప్పినవు. పని నీ దగ్గర్నే ఉంచుకో. దావత్ లేదని రైతులకు మెసేజ్ పెట్టమని నరేశ్‌కు చెప్పు."

ఆఫ్రీన్ వెంటనే నరేశ్‌కు ఫోన్ చేసింది. ఆ మాట చెబితే నరేశ్ లబలబలాడాడు.

"అవ్వ ఒప్పుకుంటలేదక్కా! పిలిచినంక రావొద్దంటే ఇజ్జత్ పోతదంట. వండుడే అంటుంది. అన్నట్టు, ఇంకో సర్వీసున్నది, జర రానీయరాదు?"

"పేరేంది తమ్మి? ఏం పని మీద వస్తది?"

"గట్లడుగుతవేందక్కా, మేం మనోళ్లం కాదా?"

"మనోళ్లే. శుక్రవారం నేనొస్త కదా, అప్పుడు మీ అవ్వను గూడ 'పేరేంది, ఏం పని' అని నన్ను అడగమను."

"మా అవ్వ అడగదక్కా," అన్నాడు నరేశ్. "ఇస్తారి ఏసి వడ్డిస్తది, అంతే."